ఆవు, కోడి, గడ్డి: తూర్పు ఆలోచన, పడమటి ఆలోచన అనే పరిశోధనలను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: బ్రాడీపేట అధ్యాపకుడు, గుంటూరు

నేను గుంటూరులో ఒక బి.ఇడి. కళాశాలలో మనోవిజ్ఞానం బోధిస్తాను. సంస్కృతికీ ఆలోచనకూ ఉన్న సంబంధాన్ని గురించిన పాఠంలో ఏటా రెండు ప్రయోగాలను ఉదాహరణగా చెబుతూ వచ్చాను. ఈ ఏడాది రెండో ప్రయోగాన్ని తరగతిలో స్వయంగా చేయించి చిక్కులో పడ్డాను. అందుకే మీ సలహా కోరుతున్నాను.

మొదటిది చేపల ప్రయోగం. 2001లో టకాహికో మసూడా, రిచర్డ్ నిస్బెట్ జపాన్‌లోని క్యోటో విద్యార్థులకూ అమెరికాలోని మిషిగన్ విద్యార్థులకూ నీటి అడుగున చేపలు ఈదే బొమ్మల దృశ్యాలు చూపించి, ఏం చూశారో చెప్పమన్నారు. అమెరికా విద్యార్థులు సాధారణంగా అందరికంటే ముందు ఈదుతున్న పెద్ద చేపతో మొదలుపెట్టారు. జపాన్ విద్యార్థులు ‘అది చెరువులా ఉంది’ అన్నట్టుగా చుట్టూ ఉన్నదానితో మొదలుపెట్టారు. నాచు, రాళ్ళు, నీటి రంగు వంటి వెనుక భాగాన్ని సుమారు 60 శాతం ఎక్కువగా ప్రస్తావించారు. దీన్నిబట్టి తూర్పువారు సందర్భంతో కలిపి మొత్తాన్ని చూస్తారనీ, పడమటివారు వస్తువును విడదీసి చూస్తారనీ సిద్ధాంతం చెప్పారు.

రెండోది ఆవు, కోడి, గడ్డి బొమ్మలు చూపించి ఏ రెండు ఒక జట్టో చెప్పమనడం. 1972లో చియు అనే పరిశోధకుడు చైనీయుల పిల్లలనూ అమెరికా పిల్లలనూ ఈ తరహా బొమ్మలతోనే పోల్చాడు. ఆవునూ కోడినీ జతచేస్తే జాతిని, అంటే అవి ఏ రకానికి చెందినవో చూసినట్టు, ఆవునూ గడ్డినీ జతచేస్తే సంబంధాన్ని చూసినట్టు. అమెరికా పిల్లలు మొదటిదాని వైపు, చైనీయుల పిల్లలు రెండోదాని వైపు మొగ్గారు.

మా తరగతిలో సగానికి పైగా ఆవు, గడ్డి అన్నారు. ‘చూశారా, మనం తూర్పువాళ్ళం’ అని నేను ముగించబోతుండగా వెనుక బల్ల మీది అమ్మాయి లేచి, ‘మాస్టారూ, పరీక్షలో అడిగితే ఆవు, కోడి అని రాస్తాం. ఇంట్లో అడిగితే ఆవు, గడ్డి అంటాం. ఇప్పుడు మీరు అడుగుతున్నది ఏ ప్రశ్న?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్న మా అమ్మకు అవే బొమ్మలు చూపించాను. ‘ఆవుకి గడ్డి వెయ్యకపోతే పాలెక్కడివిరా? కోడిదేముంది, దాని తిండి అదే ఏరుకుంటుంది’ అంది. ‘ఆవూ కోడీ రెండూ జంతువులే కదమ్మా’ అని నేనంటే, చేట కింద పెట్టి నా ముఖంలోకి చూసి, ‘కోడి జంతువేంట్రా, పక్షి కదా’ అంది. అక్కడితో నా సిద్ధాంతం కాళ్ళు విరిగి కూలబడింది. ఇంగ్లీషులో ఆవునూ కోడినీ ఒకే గూట్లో పెట్టే ‘యానిమల్’ అనే మాట సిద్ధంగా ఉంది. వాడుక తెలుగులో మనం జంతువులు వేరు, పక్షులు వేరు అంటాం. రెండూ కలిపి చెప్పాలంటే పశుపక్ష్యాదులు అని సమాసం కట్టాలి. అలాంటప్పుడు మా అమ్మ చెప్పిన జవాబు ఆమె ఆలోచన గురించి చెబుతోందా, ఆమె భాష గురించి చెబుతోందా, లేక నేను వేసిన ప్రశ్న గురించి చెబుతోందా? అసలు ఈ పరిశోధనల్లో ‘తూర్పు’ అంటే చైనా, జపాన్, కొరియాలేనా, మనమూ ఉన్నామా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: మొగల్రాజపురం నుంచి ఒక పాఠకురాలు

మాస్టారూ, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఈ రంగంలో యాభై ఏళ్ళుగా నలుగుతున్నదే. నేను మనోవిజ్ఞానంలో పి.జి. చేసి ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను గనుక, చదివినంతలో చెబుతాను.

భాష సంగతి ముందుగా. 2004లో జీ, జాంగ్, నిస్బెట్ కలిసి రెండు భాషలూ వచ్చిన చైనీయులను ఇదే తరహాలో మూడింటిలో రెండింటిని జతచేసే పరీక్షకు కూర్చోబెట్టారు. చైనా నుంచీ తైవాన్ నుంచీ వచ్చినవారు ఇంగ్లీషులో అడిగితే జాతిని చూసే వైపు కొంత జరిగారు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషుతో పెరిగిన హాంకాంగ్, సింగపూర్ వారిలో ఏ భాషలో అడిగినా పెద్ద మార్పు లేదు. అంటే భాష ప్రభావం కొంత ఉంది, భాష మొత్తం కాదు. అయితే మీ అమ్మగారు పట్టుకున్నది ఇంకా సూక్ష్మమైన విషయం. అనువదించిన ప్రశ్నలో రెంటినీ కలిపి పిలిచే మాట ఒక భాషలో సిద్ధంగా ఉండి, ఇంకో భాషలో లేకపోతే త్రాసు ముందే ఒక వైపు వాలి ఉన్నట్టే.

బడి చదువు సంగతి ఇంతకంటే పెద్దది. 1931, 1932 సంవత్సరాల్లో సోవియట్ మనోవిజ్ఞాని అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులకు సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి, వేరే జాతిదాన్ని తీసెయ్యమన్నాడు. చదువురాని రైతులు దుంగను తీయడానికి ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపానికి పనేమిటన్నారు. కొద్దికాలం బడికి వెళ్ళినవారు మాత్రం మూడూ పనిముట్లని దుంగను పక్కన పెట్టేశారు. ఒకే ప్రాంతం, ఒకే సంస్కృతి. తేడా బడి దగ్గర వచ్చింది.

పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో క్పెల్లే తెగ రైతులతో 1970 ప్రాంతంలో జరిగిన పని నాకు మరీ ఇష్టం. అక్కడివారు వస్తువులను వాడకాన్ని బట్టి, కత్తి దుంపను కోస్తుంది గనుక ఆ రెండూ ఒక చోట అన్నట్టుగా పేర్చారు. తెలివైనవాడు ఇలాగే పేరుస్తాడని కూడా చెప్పారు. చివరికి విసిగిన పరిశోధకుడు, మరి తెలివితక్కువవాడు ఎలా పేరుస్తాడని అడిగాడు. వెంటనే దుంపలు ఒక కుప్ప, పనిముట్లు ఒక కుప్ప, అచ్చం పాఠ్యపుస్తకంలోలా పేర్చేశారు. చేతకాక కాదు, అలా చేయడం తెలివి అనిపించక చేయలేదు. మాస్టారూ, మీ అమ్మగారిని కూడా ఈ ప్రశ్న ఒకసారి అడిగి చూడండి.

ఇక మనం ఎక్కడున్నామన్నది. చేపల ప్రయోగంలో మనం లేము. కానీ 1984లో జోన్ మిల్లర్ చేసిన పరిశోధన మన పొరుగున మైసూరులో జరిగింది. మైసూరు హిందువులనూ షికాగో అమెరికన్లనూ, పెద్దలనూ పిల్లలనూ పోల్చి, తమకు తెలిసినవాళ్ళు చేసిన మంచి పనికీ చెడ్డ పనికీ కారణం చెప్పమన్నారు. అమెరికా పెద్దలు ఎక్కువగా మనిషి గుణాన్ని చెప్పారు. మైసూరు పెద్దలు ఎక్కువగా పరిస్థితినీ మనుషుల మధ్య సంబంధాలనూ చెప్పారు. అందులో ఒక సంఘటన ఉంది. ఒక వకీలు మోటారు సైకిల్ మీద వెనుక ఒకరిని ఎక్కించుకుని కోర్టుకు వెళుతుంటాడు. ప్రమాదంలో వెనుక కూర్చున్నవాడు కింద పడతాడు. వకీలు అతణ్ణి ఆసుపత్రిలో వదిలి, తన కేసు కోసం కోర్టుకు వెళ్ళిపోతాడు. తరువాత గాయపడినవాడు చనిపోతాడు. అమెరికన్ల జవాబుల్లో వకీలు గుణాన్ని తప్పుపట్టడం కనిపించింది. మైసూరు వారి జవాబుల్లో కోర్టులో అతని బాధ్యతా ఆ క్షణపు కలవరమూ కనిపించాయి. అసలు విశేషం పిల్లల దగ్గర ఉంది. ఎనిమిదేళ్ళ వయసులో రెండు దేశాల పిల్లలకూ తేడా దాదాపు లేదు. వయసు పెరిగే కొద్దీ పెరిగింది. పుట్టుకతో వచ్చిన ‘తూర్పు బుర్ర’ అయితే ఎనిమిదేళ్ళకే కనిపించాలి కదా.

చివరగా, ఈ ఫలితాలన్నీ ఒకే గట్టితనంతో నిలబడలేదని తెలుసుకోవాలి. చేపల ప్రయోగానికి కొనసాగింపుగా 2005లో చువా బృందం కళ్ళ కదలికలను కొలిచి, చైనా విద్యార్థులు దృశ్యం వెనుక భాగం వైపు ఎక్కువగా చూస్తారని ప్రకటించింది. 2009లో ఎవాన్స్, రేనర్ తదితరులు అదే తరహా పరీక్ష చేస్తే, రెండు వర్గాల కళ్ళూ దాదాపు ఒకేలా కదిలాయి. మనిషి తనను ముందు పెట్టుకునే వ్యక్తివాదం, గుంపును ముందు పెట్టే సామూహికవాదం గురించి ఓయ్సర్‌మన్, కూన్, కెమల్‌మయర్ 2002లో 83 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కవేశారు. అమెరికన్లు మొత్తం మీద ఎక్కువ వ్యక్తివాదులే అయినా, జపాన్, కొరియా వారికంటే సామూహికతలో తక్కువేమీ కారని తేలింది. తూర్పు అంటే జపానే అని ముప్ఫై ఏళ్ళు చెప్పిన తరువాత వచ్చిన లెక్క ఇది!

జవాబు: తెనాలి రైతుబిడ్డ

నేను మనోవిజ్ఞానం చదువుకోలేదు, వ్యవసాయం చేస్తాను. కానీ ఈ చర్చలో వరి సిద్ధాంతం ఎవరూ ఎత్తలేదు గనుక రాస్తున్నాను. 2014లో థామస్ టాల్‌హెల్మ్ బృందం చైనాలోని ఆరు చోట్ల 1,162 మంది విద్యార్థులను పరీక్షించి, యాంగ్జీ నదికి దక్షిణాన వరి పండే ప్రాంతాల వారు సంబంధాలను చూసే జవాబులు ఎక్కువగా ఇస్తున్నారనీ, ఉత్తరాన గోధుమ పండే ప్రాంతాల వారు జాతిని చూసే వైపు మొగ్గుతున్నారనీ చెప్పింది. దేశమంతా ఒకటే, పాలన ఒకటే, తేడా పంటలోనే ఉంది. వరికి నీరు పంచుకోవాలి, నాట్లకు మనుషులు కలిసి రావాలి, గోధుమకు ఆ అవసరం తక్కువ అన్నది కారణం.

చదవగానే ఇది పొలానికి నీరు తెచ్చే మా బోదె గట్టు మీద కూర్చుని రాసినట్టే ఉందనుకున్నాను. మా పొలం ఆయకట్టు చివర. ఎగువ రైతు తూము దించకపోతే మాకు నీరు రాదు. కాలువ నీరు చూసే లస్కరుతో మంచిగా ఉండాలి, పక్క పొలంవాడితో ఇంకా మంచిగా ఉండాలి. నాట్ల ముఠా మేస్త్రి మాట ఇచ్చిన రోజుకు రావాలంటే నిరుటి నుంచే సంబంధం నిలుపుకోవాలి. కాబట్టి సంబంధాల మీద చూపు ఎక్కువంటే కాదనలేను.

కానీ అదే నీటి కోసం రాత్రి టార్చిలైటు పట్టుకుని బోదెకు కాపలా పడుకున్నవాళ్ళం కూడా మేమే. గండి కొట్టారని తలలు పగలగొట్టుకున్న ఊళ్ళూ మావే. వరి మనుషులను కలుపుతుందంటే, ఆ కలయికలో పోట్లాట పాలు ఎంతో కూడా రాయాలి. ఇంకో మాట. మా డెల్టాకు కాలువ నీరు బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాకనే ఈ స్థాయిలో వచ్చింది. పల్నాడులో అనేక ఊళ్ళకు నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు 1967 తరువాతనే అందింది. సిద్ధాంతం నిజమైతే సాగర్ నీరు తాగి వరి వేసిన పల్నాడు ఊళ్ళో తాత ఒకలా, మనవడు ఒకలా ఆలోచించాలి. పక్కనే మెట్టలో మిరప వేసే ఊరి మనవడు ఇంకోలా ఉండాలి. మిరప కోతలకూ కల్లంలో కాయ ఎండబెట్టి టిక్కీలు, అంటే బస్తాలు కట్టడానికీ జనం తక్కువేమీ అక్కర్లేదు కదా! ఇప్పుడు మా వైపు చాలామంది నాట్లు మానేసి, విత్తనం నేరుగా పొలంలో వేసే వెదసాగుకు దిగారు. మా బుర్రలు ఎప్పటికి గోధుమ బుర్రలవుతాయో ఎవరైనా వచ్చి కొలిస్తే సంతోషిస్తాను.

వెటకారం పక్కన పెడితే, 2024లో అదే టాల్‌హెల్మ్, దాంగ్‌తో కలిసి చేసిన పనిని తేలిగ్గా తీసివేయలేము. చైనాలో నింగ్‌షియా ప్రాంతంలో ప్రభుత్వం రెండు సర్కారీ వ్యవసాయ క్షేత్రాలకు మనుషులను తరలించినప్పుడు, కొందరికి వరి, కొందరికి గోధుమ దక్కింది. ఎవరూ ఎంచుకున్నది కాదు. ఆ 234 మందిని పోల్చినా అదే వైపు తేడా కనిపించింది. ఒక్క తరంలోనే వచ్చిన ఈ తేడాను ‘వేల ఏళ్ళ తూర్పు నాగరికత’ అనే మాటతో వివరించలేము. చేసే పని మీద నిలబడిన అలవాటు అనుకుంటే సరిపోతుంది.

జవాబు: కృష్ణలంక నుంచి

నేను కొంచెం భిన్నంగా చెబుతాను. విజయవాడ నుంచే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు పనిచేస్తాను. విదేశీ ఖాతాదారులతో ఎలా మెలగాలో చెప్పే శిక్షణలో దేశాల సంస్కృతులను పోల్చే గీర్ట్ హాఫ్‌స్టెడ్ కొలతలు చూపిస్తారు. ఆయన ఐ.బి.ఎం. ఉద్యోగుల నుంచి 1967, 1973 సంవత్సరాల మధ్య సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాల మీద ఆధారపడి దేశదేశానికీ అంకెలు వేశాడు. ఆ శిక్షణలో మాకు చెప్పింది, భారతీయులు ‘కాదు’ అనలేరని. ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అది నిజమే. కొత్తగా చేరినప్పుడు కుదరదని తెలిసిన గడువుకు కూడా ‘చూస్తామండీ’ అనేవాణ్ణి. నాలుగేళ్ళు గడిచి జట్టు బాధ్యత వచ్చాక అదే ఖాతాదారుకు అదే సోమవారపు సమావేశంలో ‘ఇది ఆ తేదీకి కాదు’ అని చెప్పగలిగాను. నా సంస్కృతి మారలేదు, నా కుర్చీ మారింది. ఐ.బి.ఎం. ఒక్క సంస్థ ఉద్యోగుల జవాబులను దేశమంతటి మనసుగా తీసుకోవచ్చా అని 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ గట్టిగానే ప్రశ్నించాడు.

అయినా ఈ పరిశోధనలను మూలన పడేయమని నేననను. అవి లేకపోతే అమెరికా విద్యార్థి ఎలా ఆలోచిస్తాడో మనిషంటే అలాగే ఆలోచిస్తాడని రాసుకుంటూ పోయేవారు. ప్రధాన మనోవిజ్ఞాన పత్రికల్లో పాల్గొన్నవారిలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతం ఉన్న దేశాల నుంచే వచ్చారని ఆర్నెట్ 2008లో లెక్క చూపాడు. ఆ మాత్రం కళ్ళు తెరిపించింది ఈ సాంస్కృతిక పరిశోధనల వాళ్ళే.

జవాబు: అమరావతి రోడ్డు, విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు

నాయనా, ప్రయోగాల సంగతి నాకు అంతగా తెలియదు. కానీ ఈ సిద్ధాంతానికి వెనుక కట్టిన చరిత్ర గోడ చూస్తే మాత్రం నోరు ఊరుకోదు. గ్రీకులు తర్కం కనిపెట్టారనీ, తూర్పువారు వైరుధ్యాలను పక్కపక్కన పెట్టి సర్దుకుపోతారనీ రాస్తారు. మన న్యాయశాస్త్రం నేర్పే తర్కసంగ్రహంలోని ఉదాహరణ చూడండి: ‘పర్వతో వహ్నిమాన్, ధూమాత్’. కొండ మీద నిప్పుంది, పొగ ఉంది గనుక. ఎక్కడ పొగో అక్కడ నిప్పు, వంటింట్లోలాగా. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు అవయవాలతో వాదాన్ని విడదీసి కూర్చోబెట్టిన మన నైయాయికులను, అంటే న్యాయశాస్త్ర పండితులను ‘విశ్లేషణ తెలియనివారు’ అనడం ఎలా?

మన పల్నాడులోని నాగార్జునకొండ ఎవరి పేరు మీద ఉందో ఆ ఆచార్యుణ్ణే తీసుకోండి. ఉంది, లేదు, రెండూ, రెండూ కాదు అనే ఆయన నాలుగు కోటుల (పక్షాల) వాదం చూపి, ఉందీ లేదూ రెండూ అనే తూర్పు ఆలోచనకు ఇదిగో సాక్ష్యమంటారు. ఆయన చేసేది ఎదుటివాడి మాటలోంచే వైరుధ్యాన్ని బయటికి లాగి, అందువల్ల అది నిలవదని చెప్పడం. వైరుధ్యం దోషమని ఒప్పుకోనివాడికి ఆ వాదం పనిచేయదు.

అయితే పండితుల గ్రంథాలను బట్టి జనం బుర్ర ఇలా ఉంటుందని నేనూ అనను. ఆ తప్పు రెండు వైపులా ఉంది. అరిస్టాటిల్ ఉన్నంత మాత్రాన మిషిగన్ కుర్రాడు తర్కంతో చేపను చూడడు. అదే గ్రీకులలో ఒకే నదిలో రెండుసార్లు దిగలేవన్న హెరాక్లిటస్ కూడా ఉన్నాడు. అతణ్ణి ఏ దిక్కున నిలబెడదాం?

మొగల్రాజపురం నుంచి మళ్ళీ

గురువుగారూ, మీ మాటకు ఒక చిన్న చేర్పు. నిస్బెట్ శిబిరంలోని వారే తరువాత దిక్కుల గీతను చెరుపుతూ వచ్చారు. 2007లో నైట్‌తో కలిసి నిస్బెట్ చేసిన అధ్యయనంలో దక్షిణ ఇటలీ వారు ఉత్తర ఇటలీ వారికంటే సంబంధాలను ఎక్కువగా చూశారు. 2008లో ఉస్కుల్ బృందం తుర్కియేలో నల్లసముద్రం ఒడ్డున ఒకే ప్రాంతపు రైతులనూ జాలరులనూ పశువుల కాపరులనూ పోలిస్తే, కలిసి పనిచేయవలసిన రైతులూ జాలరులూ ఒక వైపు, కాపరులు ఇంకో వైపు తేలారు. తెనాలి మిత్రుడు చెప్పిన బోదె గట్టు సంగతికి ఇది దగ్గరగా ఉంది.

బ్రాడీపేట అధ్యాపకుడు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక అదే తరగతిలో మళ్ళీ ప్రయత్నించాను. మొదటిసారి నేను అడిగింది ‘ఏ రెండు జట్టు?’ అని. ఈసారి ‘ఏ రెండు ఒకే రకానికి చెందినవి?’ అని అడిగాను. మొదట ఆవు, గడ్డి అన్నవారిలో చాలామంది తటపటాయించకుండా ఆవు, కోడి అన్నారు. మధ్యలో గడిచింది పది రోజులు. అంత తక్కువ కాలంలో నా విద్యార్థులు పడమటికి వలస వెళ్ళారని చెప్పలేను.

మా అమ్మను కూడా మొగల్రాజపురం చెల్లెమ్మ చెప్పినట్టే అడిగాను, తెలివితక్కువవాడైతే ఎలా పెడతాడమ్మా అని. ఒక క్షణం ఆలోచించి, ‘ఆవునీ కోడినీ ఒకే కొట్టంలో కట్టేస్తాడు’ అంది.

ఇక కోడి పక్షి కావడం వల్ల వచ్చే చిక్కు తీయడానికి వచ్చే వారం కోడి బదులు మేక బొమ్మ పెడదామనుకున్నాను. వెనుక బల్ల అమ్మాయి మళ్ళీ లేచింది: ‘మాస్టారూ, మేక కూడా గడ్డే తింటుంది కదా.’ కుక్క బొమ్మ గీయించాను. ఆ తరగతి శుక్రవారం; ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.